మా అమ్మాయికి నేను రాసిచ్చిన జవాబు

డబ్బింగ్ కాగితం మీద నేను పెన్సిల్‌తో ఏటవాలుగా చిన్న గీతలు గీస్తాను. గీత ఉన్నచోట ఊపిరి తీసుకోవాలని అర్థం. తెర మీద నటి ఎక్కడ ఆగితే గొంతు ఇచ్చే మనిషీ అక్కడే ఆగాలి. ఎక్కడ ఆపితే మాటకి బరువు వస్తుందో కనిపెట్టడంలో నాకు కొంచెం పేరుంది. ఇరవై ఏళ్లకు పైగా ఫిల్మ్‌నగర్‌లో నా పని ఇదే. డబ్బింగ్ ఇన్‌ఛార్జి అంటారు నన్ను. గొంతులు ఎంచుతాను, వాటితో మాటలు పలికిస్తాను, అద్దానికి ఇవతల కూర్చుని బాగుంటే బొటనవేలు ఎత్తుతాను. బాగోకపోతే "ఇంకొక్కసారి" అంటాను.

ఒకసారి ఆ గీతలు సినిమా కాని కాగితం మీద గీశాను.

మా ఆవిడ ఎర్రగడ్డ దగ్గర ఒక బడిలో లెక్కల టీచరు. ఆమెను మా ఆవిడ అనే హక్కు ఇప్పుడు నాకు లేదు. ఇంకో మాట నోటికి అలవాటు కాలేదు, అంతే. పుట్టిందీ పెరిగిందీ మోతీనగర్‌లో. నేను గుంటూరు వైపు నుంచి సినిమాల కోసం వచ్చినవాణ్ణి. వాళ్ల బడి వార్షికోత్సవం నాటకానికి గొంతులు రికార్డు చేయడానికి వెళ్లినప్పుడు ఆమెను మొదట చూశాను. చూడటం కంటే ముందు విన్నాను. అరవై మంది పిల్లలున్న గదిలో చివరి బెంచీ దాకా వెళ్లే గొంతు. "మీకు మైకు అక్కర్లేదండీ" అన్నాను. "మైకు గిట్ల ఇయ్యరు సార్ మాకు, సుద్దముక్కలకే దిక్కు లేదు" అని నవ్వింది. ఆ గొంతు కోసమే మళ్లీ మళ్లీ ఆ బడికి వెళ్లాను. ఆ గొంతునే తర్వాత పదమూడేళ్లు వెక్కిరించాను.

పెళ్లయి, మా పాప బడికి వెళ్తున్న రోజుల్లో ఒకసారి జూబ్లీహిల్స్‌లో ఒక దర్శకుడి ఇంటి మేడ మీద సాయంత్రం విందు. పదిహేను మందిమి ఉన్నాం. ఎవరో మిమిక్రీ చెయ్యమన్నారు. మా ఆవిడ పొద్దున్నే పాపను ఎలా లేపుతుందో చేసి చూపించాను. "ఏయ్, లేస్తవా లేవవా? సూర్యుడు నెత్తి మీదికొచ్చిండు, నువ్వింక ముసుగు తన్ని పన్నవ్! బస్సోడు నీ కోసం గాడనే పెండ్లి చేసుకుని కూసుంటడా?" అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "కామెడీ ట్రాక్‌కి భలే పనికొస్తుంది గురూ, రాసి పెట్టు" అన్నాడొక రచయిత. నేను వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో పళ్లెంతో నిలబడి ఉంది. నవ్వుతున్న వాళ్లను ఒక్కొక్కరినే చూస్తోంది, క్లాసులో అల్లరి చేసిన వాళ్లను లెక్కపెడుతున్నట్టు.

కారులో అంది, "నా మాటలు మంచిగనే అమ్ముకుంటున్నవ్."

"సరదాకి చేశాను. దానికి అంత అరవడం ఎందుకు? గేన్ తగ్గించు."

గేన్ అంటే మా మైకుల భాషలో గొంతు ఎంత పెద్దగా పట్టాలో సరిచేసే మీట. మా ఇంట్లో అదొక ఎత్తిపొడుపు అయిపోయింది. నిజానికి ఆమె ఆ రోజు అరవలేదు. చాలా మెల్లగా అంది. అప్పటికే ఆమె ఏం మాట్లాడినా నాకు అరుపులాగే వినపడేది. గొంతులు వినడమే వృత్తిగా ఉన్నవాడికి అలా జరిగింది.

ఆ తర్వాత ఆమె మా వాళ్ల విందులకు రాలేదు. నేనూ పిలవలేదు. ఎందుకు విడిపోయారంటే చెప్పడానికి నా దగ్గర పెద్ద సంఘటన ఏదీ లేదు. ఇంటికి చుట్టంలా వచ్చేవాణ్ణి, నోరు తెరిస్తే వెక్కిరించేవాణ్ణి. ఒకరోజు ఆమె, "ఇగ చాలు, నాకు చాతగాదు" అంది. పాపను తీసుకుని మోతీనగర్‌లో ఒక పాత ఇంటి పై వాటా కిరాయికి తీసుకుంది. విడాకులకు ఇద్దరం ఒప్పుకున్నాం. పాప ఆమె దగ్గర ఉండాలి, ఆదివారాలు నా దగ్గరికి రావాలి. అప్పుడు పాపకు పన్నెండేళ్లు.

రెండేళ్లకి నాకు పాప కావాలనిపించింది. ప్రేమ లేదనను. కానీ దానితో పాటు ఇంకోటి కూడా ఉంది. ఫిల్మ్‌నగర్‌లో అందరూ "పాప ఎవరి దగ్గర?" అని అడిగేవాళ్లు. "వాళ్లమ్మ దగ్గర" అన్నప్పుడల్లా ఎదుటివాడి మొహంలో నా మీద ఒక తీర్పు కనిపించేది. అది తట్టుకోలేకపోయాను. వకీలు దగ్గరికి వెళ్లాను.

"పాపకి పద్నాలుగు నిండాయి కదా సార్," అన్నాడాయన. "ఆలోచించి చెప్పగల వయసు. జడ్జి గారు తన గదిలోకి పిలిచి, మీరెవరూ లేకుండా తనతోనే మాట్లాడతారు. పిల్ల ఇష్టాన్ని అంత తేలిగ్గా తీసెయ్యరు. పాప ఏం చెప్తుందన్నదే ముఖ్యం."

ఆ మాట విన్న ఏ తండ్రైనా ఇంటికి వెళ్లి, "నీకు ఎవరి దగ్గర ఉండాలనుందమ్మా?" అని అడుగుతాడు. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఎలా చెప్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఏ మాట మీద గొంతు తగ్గిస్తుంది, ఇవే ఆలోచించుకుంటూ మెట్లు దిగాను.

మా అమ్మాయికి నా చెయ్యి కొత్త కాదు. ఏడేళ్లప్పటి నుంచి సినిమాల్లో చిన్నపిల్లలకు గొంతు ఇచ్చేది. నేను వేలు చూపిస్తే మొదలుపెట్టేది, అరచెయ్యి దించితే ఆపేది. చెప్పడం అవగానే అద్దంలోంచి నా వైపు చూసేది. బొటనవేలు ఎత్తానా, తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చి, "ఓకేనా నాన్నా? నిజంగా ఓకేనా?" అనేది. నా బొటనవేలి కోసం ఆ పిల్ల ఏదైనా చెప్తుంది. అది నాకు తెలుసు.

నాలుగు ఆదివారాలు, మధ్యాహ్నం మా డబ్బింగ్ థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు, దాన్ని మైకు ముందు నిలబెట్టాను. రికార్డు చెయ్యలేదు. జడ్జి గారికి చెప్పాల్సిన మాటలు మాత్రం కాగితం మీద రాసిచ్చాను. నాకు నాన్న దగ్గర ఉండాలని ఉంది. అక్కడైతే ప్రశాంతంగా చదువుకోగలను. అమ్మంటే నాకు ఇష్టమే. కానీ, అని రాసి అక్కడొక గీత గీశాను. గీత తర్వాత, అమ్మ దగ్గర నాకు భయంగా ఉంటుంది.

మొదటిసారి అది చదివి నవ్వేసింది.

"నాన్నా, అమ్మంటే నాకు భయమేంటి? అమ్మే బల్లికి భయపడి నన్ను పిలుస్తుంది."

"ఆ భయం కాదురా. అమ్మ అరుస్తుంది కదా?"

"అరుస్తుంది."

"అరిచినప్పుడు ఉలిక్కిపడవా?"

"పడతా. అయితే?"

"అదే ఇది. కొంచెం పెద్ద మాటలో చెప్తున్నాం, అంతే. ఇంకొక్కసారి చెప్పు. కానీ అన్న చోట ఆగు, కిందికి చూడు, తర్వాత చెప్పు."

ఆగింది. కిందికి చూసింది. చెప్పింది. సరిగ్గా నాకు కావలసినట్టే వచ్చిందని సంతోషం వేసింది. ఆ సంతోషం వృత్తిది. ఎదురుగా ఉన్నది నా కూతురని, అది చెప్తున్నది నా కూతురి తల్లి గురించని ఆ క్షణంలో నాకు గుర్తు లేదు. బొటనవేలు ఎత్తాను. పరుగెత్తుకు రాలేదు. మెల్లగా తలుపు తీసుకుని వచ్చి, "ఇంటికెళ్దామా?" అంది. అలసిపోయిందనుకున్నాను.

కోర్టు రోజు పాపను వాళ్లమ్మే తీసుకొచ్చింది. టిఫిన్ డబ్బాలో పుదీనా అన్నం, ఒక నీళ్ల సీసా. వరండాలో కూర్చోబెట్టి, "జడ ఏంది గిట్ల అల్లుకున్నవ్, పిచ్చుకగూడు లెక్క? ఇటు తిరుగు. జడ్జి సాబ్ ఏమనుకుంటడు, తల్లి లేని పిల్లనుకోడా?" అని గట్టిగా అంటూ మళ్లీ అల్లుతోంది. గుమాస్తా తల బయటపెట్టి, "అమ్మా, జర మెల్లగ" అన్నాడు. నేను ఎదురు బెంచీ మీద కూర్చుని సంతోషపడ్డాను. అందరూ విన్నారు కదా, లోపల పాప చెప్పే మాటకి సాక్ష్యంలా ఉంటుంది అనుకున్నాను. అలా అనుకున్న సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పాప లోపల పది నిమిషాలు ఉంది. బయటికి రాగానే మొదట నా వైపు చూసింది, అద్దంలోంచి చూసినట్టే. నా చెయ్యి దానంతట అదే లేచింది. బొటనవేలు ఎత్తాను. వాళ్లమ్మ డబ్బా మూత తీస్తోంది, అది చూసింది. అర్థం కాలేదు ఆమెకి. "తిన్నాక పోదువు, దా" అంది పాపతో.

పాప నాకు వచ్చింది. జడ్జి గారు, అమ్మాయి చాలా స్పష్టంగా మాట్లాడింది అన్నారు. ఆర్డరు కాపీలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది, తల్లి దగ్గర తనకు భయంగా ఉంటుందని బాలిక చెప్పింది అని. పాప బట్టల సంచులు, పుస్తకాలు ఇవ్వడానికి మా ఆవిడ ఫిల్మ్‌నగర్‌కి వచ్చి కింద గేటు దగ్గరే నిలబడింది. పైకి రాలేదు. ఆ కాపీ ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నాకు ఒక్కసారన్న చెప్పకపాయె," అంది. "భయమైతుందమ్మా అంటే నేను బంద్ చేద్దును కదా. నేను గంత పాడుగ ఉంటనా? నువ్వు చెప్పు, పదమూడేండ్లు ఉన్నవ్ కదా నాతోని."

ఇంత మెల్లగా ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. సంచులు అందుకుని, "పిల్లలు కదా, వాళ్లకి తోచింది చెప్తారు" అన్నాను.

ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాట్ మూడో అంతస్తు. కిటికీ తీస్తే ఎదురుగా పెద్ద బండరాయి, దాని మీద మేకలు. పాపకి కొత్త బల్ల కొన్నాను, గోడకి నచ్చిన రంగు వేయించాను. పొద్దున తొమ్మిదికి థియేటర్‌కి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలియదు. వంటావిడ వండి పెట్టి వెళ్లిపోయేది. ప్రశాంతంగా చదువుకోగలను అని రాసిచ్చాను కదా. అంత ప్రశాంతతా దానికి ఇచ్చాను. ఇంట్లో ఫ్రిజ్ శబ్దం తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆదివారాలు నేనే మోతీనగర్‌లో దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాణ్ణి. కొన్ని వారాలకి పాప అంది, "అమ్మ ఇప్పుడు అరవట్లేదు నాన్నా."

"మంచిదేగా."

ఇంకో నెలకి, "నేను స్నానం చెయ్యకుండా వెళ్లినా ఏమీ అనలేదు" అంది. మరోసారి, "లెక్కల్లో వందకి ముప్పై ఒకటి వచ్చిన పేపర్ చూపించా. అమ్మకి! లెక్కల టీచర్‌కి! పర్వాలేదు బిడ్డా, ఈసారి మంచిగ రాస్తవ్ అంది." అప్పటికి ఇంటర్‌లో చేరింది. దానికి లెక్కల్లో ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు. ఆ ముప్పై ఒకటి కావాలని తెచ్చుకున్నదని నాకు తట్టలేదు.

ఒక ఆదివారం ఏదో రికార్డింగ్ రద్దయి, చెప్పిన టైముకి గంట ముందే వెళ్లాను. కింది వాటాలో ఇల్లుగలావిడ, డెబ్భై దాటిన ముసలామె, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏం సారూ, మీ ఆమె నోటికి తాళమేస్తివా ఏంది?" అంది. "మా వాడకట్టంత సప్పబడ్డది. పొద్దుగాల ఆమె బిడ్డను లేపుతుంటె మేమందరం లేస్తుంటిమి. ఇప్పుడు నా మనుమడు అలారం పెట్టుకుంటుండు. గది మోగుతనే ఉంటది, వీడు లేవనే లేవడు."

నవ్వి మెట్లెక్కాను. సగం మెట్ల మీంచి వాళ్ల వంటిల్లు కనిపిస్తుంది. పాప పొయ్యి ముందు నిలబడి ఉంది. గిన్నెలో పాలు పొంగుతున్నాయి. చేతికి అందేంత దూరంలోనే మీట ఉంది. పాప దాన్ని కట్టలేదు. పాలు పొంగి, పొయ్యి మీద పడి, బండ మీద నుంచి కిందికి కారేదాకా చూస్తూ నిలబడి, అప్పుడు వెనక్కి తిరిగి వాళ్లమ్మ మొహం చూసింది.

ఆమె గుడ్డ తీసుకొచ్చింది. "కాలిందా బిడ్డా? కాలలే కదా? నువ్వు పోయి కూసో, నేను తుడుస్త." వంగి తుడుస్తోంది. పాప అక్కడే నిలబడి, "అమ్మా, నేను కావాలనే పొంగించిన" అంది. "కానీ తియ్, పాలే కదా" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆ గొంతు నేను ఎరుగుదును. మా థియేటర్‌కి కొత్తగా వచ్చినవాళ్లది అలా ఉంటుంది. ప్రతి మాటా ఎక్కడ తప్పవుతుందోనని తడుముకుంటూ మాట్లాడతారు.

తిరిగి వచ్చేటప్పుడు యూసుఫ్‌గూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. పాప కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది.

"అమ్మ నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది నాన్నా. మంచి కంచంలో పెడుతుంది. ఏం కావాలన్నా నీ ఇష్టం బిడ్డా అంటుంది. ఒక్కసారి కూడా ఏమే అని పిలవట్లేదు."

"నువ్వు చెప్పకపోయావా, నాకు భయం లేదని?"

"ఎన్నిసార్లు చెప్పానో! నమ్మట్లేదు. జడ్జి ముంగట అబద్ధమెందుకు చెప్తవ్ బిడ్డా, ఇప్పుడు నేను బాధపడ్తనని గిట్లంటున్నవ్ అంటుంది."

"నేను రాసిచ్చానని..."

"చెప్పలేదు. చెప్తే నిన్ను జైల్లో పెడతారేమోనని." మొహం తుడుచుకుంది. "అప్పుడు చిన్నదాన్ని కదా, అలా అనుకున్నా. ఇప్పుడు పెట్టరని తెలుసు. అయినా నేను చెప్పను. నువ్వే చెప్పు."

వెనకాల హారన్లు. ముందు బండ్లు కదిలాయి, నేను కదల్లేదు.

"నన్ను ఎవరి దగ్గర ఉంటావని నువ్వు అసలు అడగనే లేదు నాన్నా. ఎలా చెప్పాలో ఒక్కటే చెప్పావు."

ఇది విన్న మర్నాడే వెళ్లి చెప్పానని రాయాలని ఉంది. చెప్పలేదు. వకీలుకి ఫోన్ చేశాను. "ఇప్పుడవన్నీ ఎందుకు సార్ తవ్వుకోవడం? మీ మీదకే వస్తుంది. పాప కూడా పోతుంది" అన్నాడు. పాప పోతుందన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒక పెద్ద సినిమా విడుదల దగ్గరలో ఉందని, అది అయ్యాక చెప్తానని అనుకున్నాను. ఐదు ఆదివారాలు గేటు దాకా పోకుండా వీధి మలుపులోనే పాపను దింపి వచ్చాను. పాప కూడా మళ్లీ అడగలేదు.

ఆరో ఆదివారం బయల్దేరే టైముకి చెప్పులు వేసుకోకుండా సోఫాలో కూర్చుంది.

"నేను రాను నాన్నా."

"అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"అక్కడ అమ్మ లేదు. ఎవరో ఒకావిడ ఉంది, చాలా మర్యాదగా మాట్లాడుతుంది. నాకు అక్కడికి వెళ్లాలని లేదు."

ఫోన్ తీసి చూసుకుంటోంది. చెంపలు తడిగా లేవు. కారులో ఏడ్చిన రోజు కంటే ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంకొన్నాళ్లు పోతే దీనికి ఏడుపు కూడా రాదనిపించింది. పాత సినిమాల కాగితాల కట్టలో వెతికి, ఆ కాగితం తీసి జేబులో పెట్టుకుని ఒక్కణ్ణే వెళ్లాను.

తలుపు తీసి ఆమె నా వెనక చూసింది. "బిడ్డేది? పానం మంచిగ లేదా?"

"బాగానే ఉంది. రానంది." కాగితం ఇచ్చాను. "ముందు ఇది చదువు."

నిలబడే చదివింది. పేపర్లు దిద్దే మనిషి. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదువుతుంది. నా చేతిరాత ఆమెకి తెలుసు. వేలు చివరి వాక్యం దగ్గరికి వెళ్లి ఆగింది.

"గీడ గీత ఏంది?"

"అక్కడ ఆగమని. ఊపిరి తీసుకోవడానికి."

ఆ గీత మీద గోరుతో ఒకసారి గీరింది.

"నా బిడ్డ ఊపిరి గూడ నువ్వే రాసినవా?"

తిట్టమని కోరుకున్నాను. ఆ ఇల్లంతా దద్దరిల్లేలా, కింద ముసలామె, వీధిలో వాళ్లు అందరూ వినేలా తిట్టమని. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏడాదిన్నర," అంది. "నోరు తెరిచినప్పుడల్ల, ఇది అంటే బిడ్డకు భయమైతదా, అది అంటే భయమైతదా అని. బడిల గూడ పిల్లగాండ్లను గట్టిగ అంటలేను. నా గొంతు నాకే పాడుగ అనిపిస్తుండె." కాగితం మడిచింది. "బిడ్డకు ఉన్నది ఒక్క మాట. జడ్జి సాబ్ పిలిచి, నీకేం కావాలె బిడ్డా అని అడిగిండు. నన్ను అడగలే, నిన్ను అడగలే, దాన్ని అడిగిండు. గా ఒక్క మాట గూడ దాని నోట్లకెల్లి గుంజుకుంటివి."

 నాకు జవాబు రాసివ్వడానికి ఎవరూ లేరు.

కొంగు దోపుకుని, స్కూటీ తాళాలు తీసుకుంది. "యాడికి?" అని అడిగాను, నా నోట్లోంచి ఆమె మాటే వచ్చింది.  నేను కారు తీసేసరికే ఆమె వీధి దాటింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ నన్ను ఆపేసింది. ఫిల్మ్‌నగర్ చేరేసరికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లిఫ్టు పక్కన నిలబడి పైకి చూస్తున్నాడు.

"ఎవరు సార్ ఆ మేడం? బిల్డింగంత ఊగుతుంది!"

మెట్లెక్కాను. రెండో అంతస్తు నుంచే మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"ఎవడేం రాసిస్తే గది చదువుతవానే? నీకు బుద్ధి లేదా? నోరు నీది కాదా? ముప్పై ఒకటి తెస్తవా లెక్కల్ల? నా కడుపున పుట్టి ముప్పై ఒకటి! పాలు పొంగిస్తవా? లీటర్ పాలు! అడగరాదానే, అమ్మా ఎందుకు తిడ్తలేవని? మొకం చూడు, మొకం! నూనె పెట్టి ఎన్ని దినాలైంది నెత్తికి?"

మధ్యలో పాప గొంతు, ఏడుస్తూనే, "నీకు చెప్పిన కదమ్మా, నువ్వే నమ్మలే!"

"నోర్ముయ్! ఎదురు మాట్లాడ్తున్నవా!"

మూడో అంతస్తు మెట్టు మీద కూర్చుండిపోయాను. తలుపు తీసే ఉంది. లోపలికి పోలేదు. ఎదురింటాయన తలుపు ఓరగా తీసి, నన్ను చూసి, మళ్లీ వేసుకున్నాడు.

తర్వాత ఇద్దరం కలిసి కోర్టుకి అర్జీ పెట్టుకున్నాం. జరిగింది నేను ప్రమాణపత్రంలో రాసి సంతకం చేశాను. వేరే జడ్జి గారు వచ్చారు. చదివి, కళ్లజోడు తీసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగారు. "డబ్బింగ్ అండి. మాటలు పలికిస్తాను." ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "పాపతో నేను మాట్లాడేటప్పుడు మీరు వరండాలో కూడా ఉండొద్దు. కిందికి వెళ్లండి" అన్నారు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. స్కూటర్లు పెట్టే చోట నిలబడ్డాను.

ఈసారి పాప లోపల నలభై నిమిషాలకు పైనే ఉంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. అడగలేదు. మెట్లు దిగి వస్తూ నా వైపు చూడలేదు. దిగాక, వాళ్లమ్మ బండి తీస్తుంటే, నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ జేబుల్లోనే ఉన్నాయి.

"అమ్మ దగ్గర ఉంటా నాన్నా."

"సరే."

"నీ దగ్గరికి వస్తా. ఎప్పుడో నేనే ఫోన్ చేస్తా. నువ్వు చెయ్యకు."

"సరే."

వెళ్లబోయి ఆగింది. "మొదటిసారి నువ్వు నిజంగా అడిగి ఉంటే, నీ దగ్గరే ఉంటానని అనేదాన్నేమో. నాకు తెలీదు. ఎంత ఆలోచించినా తెలియట్లేదు. అప్పుడు నాకేం అనిపించిందో గుర్తు రావట్లేదు, ఆ కాగితమే గుర్తొస్తుంది."

ఇది నిష్ఠూరం కాదు. నిజంగానే వెతుక్కుంటున్నట్టు అంది. వాళ్లమ్మ, "వస్తవా, ఎండల నిలబెడ్తవా నన్ను?" అని కేకేసింది. పరుగెత్తింది.

ఇప్పుడు దానికి పదిహేడేళ్లు. నెలకి ఒకసారి ఫోన్ వస్తుంది, ఒక్కో నెల రాదు. వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్దామని అడిగి ఊరుకుంటాను. మొదట్లో ఆ ఊరుకోవడం ఇద్దరికీ కష్టంగా ఉండేది. థియేటర్‌కి మాత్రం రానంది. గొంతు ఇవ్వడం మానేసింది.

పోయిన వారం సాయంత్రం మోతీనగర్‌లో దింపి, మర్చిపోయిన పుస్తకాల సంచి ఇవ్వడానికి మెట్లెక్కాను. ఆమె గొంతు సగం మెట్ల దాకా వస్తోంది.

"ఆరింటికి వస్తనని చెప్పి ఏడున్నరకు వస్తవా? ఫోన్ ఎత్తవ్, మెసేజ్ చూడవ్, ఇంట్ల మనిషి ఉన్నదా సచ్చిందా అని..."

అక్కడ ఆగిపోయింది. మాట పూర్తి కాలేదు. తలుపు సందులోంచి చూశాను. ఆమె పాప మొహంలోకి చూస్తోంది, అక్కడ ఏదైనా ఉందేమోనని వెతుకుతున్నట్టు. అలా ఆగడం ఆమెకి పుట్టుకతో లేదు. పదమూడేళ్లు విన్నాను ఆ గొంతు, ఒక్కసారి కూడా వాక్యం మధ్యలో ఆగలేదు.

పాప చెప్పులు విప్పుతూ అలవాటైన దానిలా, "ఆగినవేందమ్మా, తిట్టు" అంది.

సంచి తలుపు పక్కన పెట్టి, చప్పుడు కాకుండా మెట్లు దిగాను.